కొబ్బరికాయ ఎవరు కొట్టాలి

నా మొదటి ఉద్యోగం ములుగు రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో. మెకానికల్ డిప్లొమా పూర్తయిన ఏడాదే అందులో చేరాను. అప్పటికి ఎనభైలు మొదలయ్యాయి. షెడ్డు వరంగల్ స్టేషన్ రోడ్డులో ఇనుప సామాను దుకాణం నడిపే ఒక సేటుది. ఆయన తండ్రి కాలం నుంచి అక్కడ ఎడ్లబండి చక్రాలకు ఇనుప పట్టాలు తొడిగేవారు, ఇరుసులు చేసేవారు, నాగలి కర్రులు సాగదీసేవారు. నేను చేరేనాటికి రబ్బరు టైర్ల బండ్లు ఊళ్ళలోకి వచ్చేశాయి. షెడ్డు ముందు బండ్లు నిలిచే జాగాలో గడ్డి మొలిచింది.

సేటు మొదటి రోజే ఏదీ దాచకుండా చెప్పాడు.

"చూడు ఇంజనీరూ, మిర్చి వ్యాపారి ఒకాయన గీ షెడ్డు గోదాముకు అడుగుతాండు. ఈసారి మిర్చి మార్కెట్ల దిగేదాంక ఆగుమన్న. అప్పటికి రైతు ఇష్టపడి కొనే కొత్త వస్తువు ఒక్కటి తయారైతే షెడ్డు ఉంటది. లేకపోతే మిషన్లు అమ్ముడు, బస్తాలు నింపుడు. అంతే."

"నేను డిప్లొమానే సేటూ, ఇంజనీరును కాదు."

"అసలు ఇంజనీరు నా దగ్గరికి వస్తడా? నువ్వే ఇంజనీరువు."

షెడ్డులో ఏమేం ఉన్నాయో ఆ రోజే చూసుకున్నాను. ఒక పాత లేతు, ఒక డ్రిల్లింగ్ మిషను, వెల్డింగ్ సెట్టు, కొలిమి, కోపం. ఆఖరిది ఉస్తాద్‌ది. ఉస్తాద్ అంటే అక్కడి పెద్ద మేస్త్రి. చిన్నప్పుడే కొలిమి ముందు కూర్చుని, ముసలితనానికి దగ్గరైనా లేవని మనిషి. అతను కాక ఒక వెల్డర్ ఉండేవాడు. నాకంటే కొంచెం పెద్దవాడు, నోరు ఊరుకోదు. షెడ్డు మూతపడితే ఉస్తాద్‌కు ఆ వయసులో ఇంకో చోట పని దొరకదు. వెల్డర్ బొంబాయి బస్సెక్కాలి. నా సంగతి నాకే తెలియదు.

చివరి ఏడాది మా కాలేజీకి ఒక పెద్దాయన వచ్చి, కొత్త వస్తువులు పుట్టించే సమాజానికి కొత్త రకం నాయకులు కావాలని ఉపన్యాసం ఇచ్చాడు. నేను పాయింట్లు రాసుకున్నాను. ధైర్యం, ముందుచూపు, చటుక్కున నిర్ణయం తీసుకోవడం, తీసుకున్నాక వెనక్కి తగ్గకపోవడం. ఇవన్నీ నాకున్నాయనే నమ్మకంతోనే షెడ్డులో అడుగుపెట్టాను. తీరా చూస్తే ఉస్తాద్‌కు కూడా అన్నీ ఉన్నాయి. ఇద్దరికీ ఉండడంతోనే వచ్చింది ఇబ్బంది.

ఏం చేయాలన్న దాని మీద మాత్రం పేచీ రాలేదు. మా చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో పత్తి బాగా పెరుగుతున్న రోజులవి. పత్తి ఏరడం అయిపోయాక చేనంతా ఎండిన కట్టె నిలబడి ఉంటుంది. దాన్ని వేళ్ళతో సహా చేత్తో పీకాలి. ఆ పని ఎక్కువగా ఆడవాళ్ళే చేసేవారు, అరచేతులు బొబ్బలెక్కేవి. నేను ఒక పనిముట్టు గీశాను. పొడుగాటి ఇనుప గొట్టం కాడ, దాని కింద నేలకు ఆనే పాదం, ముందు వైపు మొదలును కరిచిపట్టే పళ్ళ దవడ. కాడను కిందికి నొక్కితే కట్టె వేళ్ళతో పైకి లేస్తుంది. వెల్డర్ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "గిది మొసలి గదా సారూ," అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది.

మొదటి మొసలి బిగించడం సరిగ్గా దసరా ముందు రోజు పూర్తయింది. ఇంకా ఒక్క మొక్క మీద కూడా పెట్టి చూడలేదు. పండగ పొద్దున ఉస్తాద్ అన్ని పనిముట్లనూ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూలు చుట్టి వరుసగా పేర్చాడు. నడిమధ్యలో, ప్రేమగా, మొసలిని పెట్టాడు. సేటు వచ్చి కొబ్బరికాయ కొట్టాడు. జమ్మి ఆకు ఒకరి చేతిలో ఒకరం పెట్టుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నాం. అందరం సంతోషంగా ఉన్నాం. జరిగిన పొరపాటు ఎవరికీ తట్టలేదు.

పండగ తెల్లవారి షెడ్డు వెనక మొలిచిన తుమ్మ మొక్క మీద మొసలిని పెట్టి చూశాం. కరిచింది, జారింది. మళ్ళీ కరిచింది, మళ్ళీ జారింది. పళ్ళ వాలు మార్చాలని నాకు అర్థమైంది. హ్యాక్సా తీసుకున్నాను. ఉస్తాద్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"పూజ చేసినదాని మీద రంపం పెడ్తవా?"

"లేతుకు గూడ పూజ చేసినం గదా ఉస్తాద్. దాని మీద పని చేస్తలేమా?"

"లేతు పని చేసేది. గిది మనం చేసింది. చేసినదానికి కాయ కొట్టినమంటే అది అయిపోయినట్టు. మా గురువు నాటి నుంచి గంతే. ఇగ దాన్ని కోసుడు లేదు, అతుకుడు లేదు."

"అయితే ఇంకోటి చేద్దాం. అది పనిచేస్తదో లేదో చేన్ల చూసుకున్నంకనే కాయ కొడ్దాం."

"కాయ కొట్టకుంట మన చేతి వస్తువు గేటు దాటదు."

అంటే కొబ్బరికాయ కొడితే మార్చకూడదు, కొట్టకపోతే చేనుకు తీసుకెళ్ళకూడదు. నాకు మతి పోయింది. తర్వాత నిదానంగా ఆలోచిస్తే ఆ పద్ధతిలో అర్థం లేకపోలేదని తోచింది. బండి చక్రం ఎట్లా ఉండాలో తరాలుగా అందరికీ తెలుసు. అది పూర్తయిందో లేదో ఉస్తాద్ ఒక్కసారి తట్టి, మోత విని చెప్పగలడు. అతను అయిందంటే కాయ. కాయ కొట్టాక దాంట్లో వంక వెతకడమంటే ఉస్తాద్‌నే తప్పుపట్టడం. అందుకే ఎవరూ వెతికేవారు కాదు. చక్రానికి అది సరిపోయింది. ఇంతవరకూ లోకంలో లేని మొసలికి ఎట్లా సరిపోతుంది?

ముడి విప్పింది వెల్డర్. టీ తాగుతూ అడిగాడు.

"ఉస్తాద్, తుప్పు పట్టకుంట రెడ్ ఆక్సైడ్ పూసి, మీద రంగు కొట్టలేదనుకో. అది అయినట్టా, కానట్టా?"

"కానట్టే."

"కాని దానికి కాయ ఏంది మరి? కానిది గేటు దాటితే తప్పేంది?"

ఉస్తాద్ బీడీ ఆఖరిదాకా పీల్చి నేలకేసి నలిపాడు. "చూపెట్టుకోని మళ్ళ తెచ్చుడే. ఆడ ఇడిచిపెట్టద్దు," అన్నాడు చివరికి.

అట్లా రెండో మొసలి ఒంటినిండా ఎర్రటి రెడ్ ఆక్సైడ్‌తో, పూలూ బొట్టూ లేకుండా, బస్సు టాపెక్కి మడికొండ పోయింది. దసరా మొసలి షెడ్డు అటక మీదికెక్కింది. మడికొండ అవతల ఒక రైతు, ఆయన భార్య మాకు తెలిసినవాళ్ళు. వాళ్ళ చేను ముందే విత్తింది కాబట్టి ముందే ఏరడం అయిపోయింది. చలి ఇంకా పోలేదు. రైతు మొసలిని చూసి నవ్వుతూ పక్కకు తప్పుకున్నాడు. ఆమె చీర చెంగు దోపుకుని ముందుకొచ్చింది.

నాలుగైదు కట్టెలు సులువుగా లేచాయి. నాకు గాల్లో తేలినట్టుంది. ఆమె ఆగి నా వైపు చూసింది.

"మంచిగున్నది తమ్మీ. కాని దీని కాడ ఏంది, తాడిచెట్టంత పెట్టిన్రు? నొక్కాలెనంటే నేను ఎగిరి ఏలాడాలె."

"కాడ పొడుగుంటేనే బలం తక్కువ పడ్తదక్కా," అన్నాను.

"బలం తక్కువనే. అందుడే లేదు."

ఉస్తాద్ చేతులు కట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఆమె మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఆగింది. పళ్ళు కట్టెను పట్టడానికి బదులు కోస్తున్నాయంది. పాదం మెత్తటి నేలలో దిగుతోందంది. దుకాణంలో చీర మడతలు విప్పి చూసినట్టు ఒక్కొక్కటీ చూపించింది. ఇక ఉస్తాద్ ఆగలేకపోయాడు.

"పుట్టి బుద్ధెరిగినకాంచి ఇనుము పని చేస్తాన. గింత తెలిసినదానివి నువ్వే వచ్చి కొట్టు కొబ్బరికాయ!"

"ఏ కొబ్బరికాయ?" అంది ఆమె.

వెల్డర్ మా షెడ్డు పద్ధతంతా ఆమెకు వివరించాడు. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని విన్నది.

"కొడ్త. అండ్ల భయమేంది? కాడ కురచ జేసి పట్టుకరాపో పెద్దన్నా, నేనే కొడ్త. పలుకులు గూడ నేనే పంచుత, నీకు రెండెక్కువనే పెడ్త."

ఆమె భర్త పకపకా నవ్వాడు. ఉస్తాద్ మీసాల కింద కూడా ఏదో కదిలింది.

తిరుగు బస్సులో నా బుర్రలో ఆ మాటే తిరుగుతూ ఉంది. షెడ్డు చేరేసరికి ఒక నిర్ణయానికి వచ్చి, తలుపు మీద సుద్దముక్కతో రాశాను: మొసలిలో ఆఖరి తప్పు పట్టినవాళ్ళే కొబ్బరికాయ కొట్టాలి.

ఉస్తాద్ వెల్డర్‌తో చదివించుకున్నాడు.

"షెడ్డుల ఎన్నడన్న ఆడమనిషి కాయ కొట్టిందా?"

"షెడ్డుకు ఎన్నడన్న ఆడమనిషి వచ్చిందా ఉస్తాద్?" అన్నాడు వెల్డర్.

ఉస్తాద్ అతన్ని పట్టించుకోకుండా నా వైపు తిరిగాడు. "నేను గూడ తప్పు పట్టచ్చా?"

"అందరికన్న ముందు మీరే పట్టాలె."

"నీ డ్రాయింగ్‌ల?"

"నా డ్రాయింగ్‌లనే."

"అయితే మంచిదే," అన్నాడు. అతను అంత తొందరగా దేనికైనా ఒప్పుకోవడం నేను అదే మొదటిసారి చూశాను.

మర్నాడు నేను వెళ్ళేసరికి ఉస్తాద్ నా డ్రాయింగ్ ముందు కూర్చుని ఉన్నాడు. పెళ్ళివారింటికి వచ్చినవాడిలా ఉంది ముఖం. దవడను కాడకు కలిపే చోట నేను పెట్టిన పట్టీ వంగుతుందన్నాడు. వంగదన్నాను. వంచి చూపించాడు. ఆ రోజంతా కూనిరాగం తీస్తూ పనిచేశాడు. నేను ఊరుకుంటానా? అతను కాల్చి నీళ్ళలో ముంచిన పళ్ళు మరీ పెళుసుగా ఉన్నాయని ఒక పన్ను విరిచి చూపించాను. సాయంత్రానికి షెడ్డులో ఎవరి తప్పు పెద్దదని వాదన నడుస్తోంది. గొంతులు పెద్దవే, కోపం మాత్రం లేదు.

అసలు పరీక్ష ఇంకో రోజు వచ్చింది. వెల్డర్ చాలాసేపు తటపటాయించి, దవడ నోరు తెరుచుకునే వెడల్పు ఉస్తాద్ తక్కువ పెట్టాడని, ముదురు మొదళ్ళు అందులో పట్టవని చెప్పాడు. అన్నాళ్ళ పనిలో ఉస్తాద్ ముఖం మీద అతను అట్లాంటి మాట అనడం అదే మొదటిసారి. కొలిమి తిత్తి కూడా ఆగిపోయినట్టనిపించింది. ఉస్తాద్ ఒక ముదురు మొదలు తెప్పించి, దవడలో పెట్టి చూశాడు. పట్టలేదు.

"పట్టినవు బిడ్డా. పట్టినవు," అన్నాడు. "కాని కాయ నీకు దక్కనియ్య. ఇంకోటి దొరకవడ్త, చూడు."

నా వంతు కూడా వచ్చింది. పాదం నేలలో దిగుతోందని మడికొండ అక్క అన్నదాన్ని నేను మనసులో ఒప్పుకోలేదు. కాగితం మీద బరువు లెక్క కట్టే ఆ కొలత పెట్టాను. లెక్కలో తప్పు లేదు, నేలే మెత్తగా ఉందని వాదించాను. రెండోసారి కూడా అదే మాట అనేసరికి వెల్డర్ గంభీరంగా తల ఊపాడు. "సార్ లెక్క కరెక్టే ఉస్తాద్. పోయి నేలను దిద్దొద్దాం పా." నవ్వక తప్పలేదు. పాదం వెడల్పు చేశాం. ఉపన్యాసంలో రాసుకున్న పాయింట్లలో వెనక్కి తగ్గకపోవడం అనేదాన్ని ఆ రోజే కొట్టేశాను. కొత్త వస్తువు చేసే చోట ముందుండేవాడు చేయాల్సింది వేరే ఉంది. తన తప్పు ఎవరైనా చెప్పినప్పుడు చెప్పినవాడి ముఖం చిన్నబోకుండా చూసుకోవాలి. చెప్పడానికి ఇది సులువే. చేయడం మాత్రం ప్రతిసారీ కష్టంగానే ఉండేది.

అయితే ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. అది నేను ముందు చూడలేదు. అందరికీ కాయ కావాలి. అందుకని తప్పులు ఆగడం లేదు. ఒకటి దిద్దితే ఇంకొకటి. పిడి నున్నగా ఉందని ఒకరు, గరుకుగా ఉందని ఒకరు. పగలు ఎండ ముదురుతోంది. చేలలో కట్టె పీకే రోజులు కరిగిపోతున్నాయి. మార్కెట్ దారిలో మిర్చి బండ్లు కనిపించడం మొదలైంది. ఘాటు గాలికి తుమ్మినప్పుడల్లా మాకు షెడ్డు సంగతి గుర్తొచ్చేది. మా మొసలి ఇంకా ఎర్రగానే ఉంది.

ఒక మధ్యాహ్నం సేటు మిర్చి వ్యాపారిని వెంటబెట్టుకుని వచ్చాడు. వ్యాపారి జేబులోంచి టేపు తీసి గోడలు కొలవడం మొదలుపెట్టాడు. ఉస్తాద్ కొలిమి దగ్గర నుంచి లేవలేదు.

"ఇంక రంగు గూడ పడలేదా?" అన్నాడు సేటు నాతో. "ఇన్ని రోజులు ఏం జేసినవయ్యా?"

వెల్డర్ తలుపు మీది సుద్దరాత చూపించి సంగతి చెప్పాడు. సేటు ముఖం గంటుపెట్టుకున్నాడు. "కాయ కొట్టుడు యజమాని పని. ఇండ్ల పోటీ ఏంది?" అంటూనే మొసలిని చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. దవడ కీలు దగ్గర ఆగాడు.

"గీ బోల్టు ఎక్కడిది?"

"మన దుకాణంలదే సేటూ," అన్నాను.

"మన దుకాణంల దొరుకుతది. తొర్రూరుల దొరుకుతదా? చేన్ల ఊడి పడిపోతే రైతు బోల్టు కోసం వరంగల్ బస్సెక్కుతడా? దీన్ని అటక మీద పారేస్తడు, మనల్ని తిడ్తడు. నాగలికి పెట్టే సైజు పెట్టున్రి. అది ప్రతి ఊర్ల ఉంటది."

మాలో ఎవరూ దుకాణం గల్లా వెనక కూర్చున్నవాళ్ళం కాదు. ఉస్తాద్ లేచి వచ్చి బోల్టును తడిమి చూశాడు.

"సేటు తప్పు పట్టిండు," అన్నాడు.

"ఇప్పటికి గదే ఆఖరిది," అన్నాడు వెల్డర్.

సేటు మమ్మల్ని ముగ్గురినీ చూశాడు. "అంటే కాయ నాదేనా?"

"బోల్టు మార్చినంక చేన్ల ఇంకెవలు తప్పు పట్టకపోతే మీదే," అన్నాను.

"ఎవలు పడ్తరు?"

"మడికొండ అక్క."

వ్యాపారి టేపు చుట్టుకుంటూ వచ్చాడు. "సేటూ, వచ్చే వారం నా బస్తాలు దిగుతయ్. ఖాళీ చేపియ్యాలె."

"వచ్చే వారం సంగతి వచ్చే వారం. జర ఆగు," అన్నాడు సేటు. తర్వాత మా వైపు తిరిగి, "నేను గూడ వస్త చేనుకు. ఆమె ఏం తప్పు పడ్తదో చూస్త," అన్నాడు.

తెల్ల ధోవతితో సేటు రేగడి చేలో దిగడం మడికొండలో చాలామంది పని ఆపుకుని చూశారు. రైతు భార్యతో పాటు ఈసారి ఆమె ఆడబిడ్డ కూడా ఉంది. ఆడబిడ్డ ఇంకా చేత్తోనే పీకుతోంది. మేం నలుగురం గట్టు మీద నిలబడ్డాం. రైతు భార్య మొసలిని అందుకుని ఒక సాలు మొదట్లో నిలబడింది.

కట్టె తర్వాత కట్టె లేచింది. కాడ ఆమె చేతికి అందింది, పాదం దిగలేదు, పళ్ళు కోయలేదు. ఆమె మా వైపు చూడకుండా సాలు చివరిదాకా పోయి, మలుపు తిరిగి, పక్క సాలులో వెనక్కి వచ్చింది. సేటు ఉండబట్టలేకపోయాడు.

"బాగనే ఉన్నది గదా చెల్లే?"

"ఆగు సేటూ, తొందరేంది?" అని ఆమె ఇంకో సాలు ఎక్కింది. తప్పు వెతుకుతోందా, పని చేసుకుంటోందా అర్థం కాలేదు. చివరికి చెమట తుడుచుకుంటూ వచ్చి గట్టు దగ్గర నిలబడింది. మొసలి భుజం మీదే ఉంది, దించలేదు.

"తప్పు ఉన్నది," అంది.

సేటు ముఖం పాలిపోయింది. ఉస్తాద్ కళ్ళు మూసుకున్నాడు. ఇంకో తప్పు దిద్దడానికి మాకు వారం లేదు.

"ఏంది తప్పు?" అన్నాను.

"ఒక్కటే తెచ్చిన్రు. మా ఆడబిడ్డ ఏంతోని పీకాలె?"

ఆడబిడ్డ చేను మధ్యలోంచి అరిచింది. "దాన్ని నాకియ్యి వదినా! నువ్వు మూడు సాళ్ళు పీకినవు గదా!"

"ఇయ్య. వీళ్ళనడుగు."

"గదెట్ల తప్పయితది?" అన్నాడు సేటు. "గది మొసలిల తప్పు కాదు గదా! ఉస్తాద్, నువ్వన్న చెప్పు."

ఉస్తాద్ సేటు వైపు తిరిగి నిదానంగా మాట్లాడాడు. అంత మర్యాదగా, అంత గట్టిగా అతను సేటుతో మాట్లాడడం నేనెన్నడూ వినలేదు.

"తప్పు తప్పే సేటూ. మొసలిల కాదు, షెడ్డుల. కాని దీన్ని నేను దిద్దలేను, సారు దిద్దలేడు. మీరే దిద్దాలె."

సేటు గట్టు మీదే చాలాసేపు నిలబడ్డాడు. చేలో వదినా ఆడబిడ్డలు మొసలి కోసం కొట్లాడుకుంటున్నారు. అవతలి చేల నుంచి వచ్చిన ఇద్దరు ముగ్గురు రైతులు మాకొకటి కావాలంటే ఎక్కడికి రావాలని వెల్డర్‌ను అడుగుతున్నారు. సేటు ధోవతి అంచుకు పట్టిన మట్టిని దులుపుకుని నన్ను పిలిచాడు.

"ఈ చేన్లు ఖాళీ అయ్యేలోపల ఎన్ని అయితయ్?"

"ఉస్తాద్‌ను అడగాలె," అన్నాను.

ఉస్తాద్ వెల్డర్ వైపు చూశాడు. వెల్డర్ ఇంకో మనిషిని పెట్టుకుంటే ఎన్ని చేయవచ్చో వేళ్ళ మీద లెక్క వేయడం మొదలుపెట్టాడు.

"సరే, మిర్చాయనకు నేను వేరే గోదాం చూపెడ్త," అన్నాడు సేటు. "మీరు బస్సెక్కున్రి, ఆలస్యం చెయ్యకున్రి. కాని ఆ కాయ ఆమె కొట్టుడు మాత్రం నేను ఒప్పుకోను."

బస్టాండు దాకా ఆయన ఉస్తాద్‌తో ఆ విషయం మీదే వాదిస్తూ నడిచాడు. మొసలి మాతో తిరిగి రాలేదు. ఆమె దాన్ని భుజం మీంచి దించితే కదా.